మొదటి సొంత సాక్సోఫోన్: కొత్తదా, సెకండ్ హ్యాండా, అద్దెదా? ఏది మేలు?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్కూల్ బ్యాండ్‌దో టీచర్‌దో సాక్స్ మీద కొన్నాళ్లు నేర్చుకుని, ఇక సొంతంగా ఒకటి కొనుక్కుందాం అనుకునేవాళ్లలో ఎక్కువమందికి పేరున్న కంపెనీ స్టూడెంట్ మోడల్ ఆల్టో, అంటే సొప్రానో కంటే పెద్దది, టెనర్ కంటే చిన్నదైన సాక్సోఫోన్ రకం, మేలు. అదీ సెకండ్ హ్యాండ్‌ది, రిపేర్ తెలిసిన మనిషి పూర్తిగా చూసి సర్దినది. అందరికీ ఇదే అని కాదు, ఎవరికి వేరేది నప్పుతుందో కూడా చెప్తాను. ఇంత పట్టించుకుని రాయడానికి కారణం ఉంది: సాక్స్‌లో లోపం ఉంటే ఆ లోపం వాయించేవాడిదే అనిపిస్తుంది. కింది స్వరాలు పలకకపోతే నేర్చుకునే పిల్లాడు తనకే ఊదడం రావట్లేదనుకుంటాడు, ఇంకా గట్టిగా ఊదుతాడు, వేళ్లు బిగబట్టి నొక్కుతాడు, ఆ అలవాట్లు మంచి వాయిద్యం చేతికొచ్చాక కూడా ఒక పట్టాన వదలవు. కొందరైతే వాయించడమే మానేస్తారు.

ఆల్టోనా టెనరా అన్న ప్రశ్న మీద ఎక్కువ టెన్షన్ వద్దు. వేళ్ల పద్ధతి రెండిటికీ ఒకటే. ఆల్టో సుమారు రెండున్నర కిలోలు, చేతికి అందుబాటుగా ఉంటుంది, తక్కువ గాలితో పలుకుతుంది. టెనర్ ఇంకాస్త బరువు, గాలీ ఎక్కువ కావాలి, సాధారణంగా ధరా ఎక్కువే. కానీ మీ మనసు టెనర్ గొంతు మీదే ఉంటే, మెడా భుజాలూ ఆ బరువు మోయగలిగితే, టెనరే తీసుకోండి, ఇష్టమైన శబ్దం ఉన్నవాడే రోజూ కేసు తెరుస్తాడు. సొప్రానోతో మాత్రం మొదలుపెట్టకండి, పెదవి పట్టు కుదరనివాళ్ల చేతిలో దాని శ్రుతి నిలవదు.

ఇక అసలు పోటీ. ఆన్‌లైన్‌లో కొత్తగా, మెరుస్తూ, కేసు, గ్లౌజులు, రీడ్లు (మౌత్‌పీస్‌కి బిగించి ఊదే పలుచటి పుల్లలు) అన్నీ కలిపి చాలా తక్కువ ధరకు దొరికే, పేరు ఎప్పుడూ వినని సాక్స్‌లు ఒక పక్క. యమహా లాంటి కంపెనీ స్టూడెంట్ మోడల్, వాడినది, లాకర్, అంటే పైన మెరిసే పూత, అక్కడక్కడా పోయినది, ఇంకో పక్క. ధర దాదాపు ఒకటే అయినప్పుడు ఇంట్లోవాళ్లు కొత్తదానివైపే మొగ్గుతారు, అది సహజం. నేను మాత్రం పాతదే అంటాను.

ఆ చవక సాక్స్‌లన్నీ పనికిరావని అనను, కొన్ని పెట్టె తెరిచిన రోజు బాగానే పలుకుతాయి. చిక్కు తర్వాత వస్తుంది. వాటిలో చాలావాటి కీలు, అంటే వేళ్లతో నొక్కే మీటలు, మెత్తటి లోహంతో చేసినవి, మామూలుగా పట్టుకున్నా కొంచెం కొంచెంగా వంగుతాయి. కీ వెంట్రుకవాసి వంగినా దాని కింద ఉండే మెత్తటి మూత, ప్యాడ్, రంధ్రం మీద సరిగ్గా కూర్చోదు, గాలి పోతుంది. రిపేర్‌కి తీసుకెళ్తే సర్దుతారు, కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. విడిభాగాలు దొరకవు, అందుకే కొందరు రిపేర్‌వాళ్లు వాటిని అసలు ముట్టుకోరు. అమ్ముదామంటే కొనేవాళ్లుండరు. యమహా వైఏఎస్-23 చూడండి, ఇప్పుడు తయారీలో లేదు, బాగా పైనుండే ఎఫ్ షార్ప్ స్వరానికి విడిగా కీ కూడా లేదు, అయినా ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంటుంది, ఎందుకంటే కీలు గట్టివి, శ్రుతి నమ్మకంగా ఉంటుంది, రిపేర్‌వాళ్లకు అది కంఠతా వచ్చు. ఆ లేని కీ గురించి దిగులు పడకండి, నేర్చుకునే మొదటి సంవత్సరాల్లో దానితో పని పడేది చాలా అరుదు.

సెకండ్ హ్యాండ్‌లో ప్రమాదం లేదా అంటే ఉంది, కానీ చాలావరకు చూసి పట్టుకోవచ్చు. అన్నిటికంటే ముందు కింది బి ఫ్లాట్, బి, సి స్వరాలు మెల్లగా ఊదించి వినండి. గట్టిగా కాదు, మెల్లగా. కింది బి ఫ్లాట్ పలకాలంటే పైనుంచి కిందిదాకా ప్యాడ్లన్నీ మూసుకోవాలి, ఎక్కడ ఒక్క సందు ఉన్నా అక్కడ స్వరం వణుకుతుంది, లేదా పైస్థాయికి ఎగిరిపోతుంది. మీకింకా ఆ స్వరాలు రాకపోతే టీచర్‌నో, బాగా వాయించే ఫ్రెండ్‌నో తీసుకెళ్లండి, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. రిపేర్‌వాళ్లు గొట్టంలోకి సన్నటి లైటు దించి, చీకట్లో కీలు సుతారంగా నొక్కి చూస్తారు, వెలుగు కనబడినచోటల్లా లీకే.

తర్వాత నెక్, అంటే మౌత్‌పీస్ తగిలించే వంపు గొట్టం. దాన్ని పక్కనుంచి చూస్తే వంపు ఒక చోట కిందికి నొక్కుకుపోయినట్టు, గొట్టం గుండ్రంగా కాక కోలగా కనిపిస్తే, ఎవరో మౌత్‌పీస్ పెట్టేటప్పుడు బలంగా నొక్కి వంచారన్నమాట. దాన్ని సరిచేయడం అందరికీ చేతకాదు, వేరేది చూసుకోండి. కీలను పట్టి ఉంచే పొడవాటి రాడ్ల వెంట కన్ను పెట్టి చూడండి, సాక్స్ ఒళ్లు వంగితే రాడ్లూ వంకరపోతాయి, అలాంటిది ఎంత చవకైనా వద్దు. లాకర్ పోవడం, బెల్ (వెడల్పుగా తెరుచుకున్న చివరి భాగం) మీద చిన్న సొట్ట, జి షార్ప్ ప్యాడ్ అంటుకుపోవడం, ఊడిన కార్కు ముక్క, ఇవేవీ భయపడాల్సినవి కావు. ప్యాడ్లన్నీ ఎండి గట్టిపడి, చిరిగి ఉంటే మాత్రం మొత్తం మార్పించాలి, ఆ ఖర్చు కొన్నిసార్లు సాక్స్ ధరలో సగానికి వెళ్తుంది, దాన్ని కలుపుకుని బేరం ఆడండి. అమ్మేవాళ్లు "చిన్న సర్వీసింగ్ చేస్తే చాలు" అంటే, మరి మీరే చేయించి ఎందుకివ్వలేదని అడగండి.

కొత్త స్టూడెంట్ మోడల్, అంటే యమహా వైఏఎస్-280 లాంటిది, ఎవరికి మేలు? దగ్గర్లో చూసిపెట్టేవాళ్లు లేనివాళ్లకి, డబ్బుకి ఇబ్బంది లేనివాళ్లకి. వారంటీ ఉంటుంది, ముందు ఎవరి చేతిలో ఏమైందోనన్న అనుమానం ఉండదు. కొన్న మర్నాడే అమ్మినా పెట్టిన డబ్బు మొత్తం రాదు, అది తెలిసే కొనాలి. కొత్తదైనా రవాణాలో సర్దుబాటు తప్పొచ్చు, కాబట్టి కొన్న కొద్దిరోజుల్లోనే ఒకసారి చూపించాలి.

అద్దె గురించి రెండు మాటలు చాలు. పిల్లలు ఇంకా కొనసాగిస్తారో లేదో తెలియనప్పుడు అదే మంచిది, రిపేర్ ఖర్చు అద్దెలోనే కలిసి ఉంటే ఇంకా మంచిది. కట్టిన అద్దెను కొనేటప్పుడు ధరలో తగ్గిస్తారా అని అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి. ఏడాదికి పైగా అద్దె కడుతూ ఉంటే మాత్రం లెక్క వేసుకోండి, ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్‌ది వచ్చేస్తుందేమో.

పాతకాలపు ప్రొఫెషనల్ వాయిద్యాలు, కాన్, బ్యుషర్ లాంటివి, వాటి గొంతు నిజంగా అందమైనది, నాకూ చాలా ఇష్టం. అయినా మొదటిదానికి వద్దు. వాటిలో చాలావాటికి ఎడమ చిటికెనవేలి కీలు బిగువుగా, ఇప్పటివాటికి భిన్నంగా ఉంటాయి, శ్రుతిని చెవితో పట్టి నిలబెట్టుకోవాలి. 1920ల ముందరి అమెరికన్ సాక్స్‌లలో ఇంకో చిక్కు కూడా ఉంది: కొన్ని 'హై పిచ్' కోసం, అంటే ఎ స్వరం 457 హెర్ట్జ్ దగ్గర ఉండేలా చేసినవి. ఇప్పుడు అందరూ వాయించే 440తో అవి కలవవు, రిపేర్‌తో పోయే లోపం కాదది. ఒంటి మీద 'హెచ్' అనో 'హై పిచ్' అనో ముద్ర ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. దాని బదులు అదే డబ్బుకి వాడిన యమహా వైఏఎస్-62 దొరికితే, అది కాలేజీ దాకా, ఆ తర్వాత కూడా తోడుంటుంది.

బడ్జెట్ మొత్తం సాక్స్ మీదే పెట్టేయకండి, మౌత్‌పీస్‌కి కొంత ఉంచుకోండి. సాదాసీదా సాక్స్‌కి మంచి మౌత్‌పీస్ తగిలిస్తే ఆ రోజే తేడా వినిపిస్తుంది, ఖరీదైన సాక్స్‌కి నాసిరకం మౌత్‌పీస్ పెడితే ఆ ఖరీదు చెవికి చేరదు. యమహా 4సి మొదలుపెట్టడానికి చక్కగా సరిపోతుంది, కొంచెం ముందుకెళ్లాక సెల్మర్ సి స్టార్ చూడొచ్చు. వాటితో 2 లేదా 2.5 నంబరు రీడ్లు, నంబరు పెరిగేకొద్దీ రీడ్ గట్టిగా ఉంటుంది. వెడల్పుగా తెరుచుకున్న మెటల్ మౌత్‌పీస్ జోలికి ఇప్పుడే పోకండి. సాక్స్ చూడటానికి వెళ్లేటప్పుడు మీ మౌత్‌పీస్, మీ రీడ్ మీరే పట్టుకెళ్లండి, చూసే ప్రతిదాన్నీ వాటితోనే వాయించండి, అప్పుడే వినిపించే తేడా సాక్స్‌దో కాదో తెలుస్తుంది.