మావెనా, గ్రేడిలా: ఐడీఈలో బిల్డ్ ఆగిపోతే ఏది త్వరగా దారికొస్తుంది?

దేవరకొండలోనో జడ్చర్లలోనో ఫోన్ హాట్‌స్పాట్ మీద జావా నేర్చుకునే పిల్లలకు కోడ్ రాయడం కంటే ఐడీఈలో (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో) ప్రాజెక్ట్ తెరవడమే పెద్ద టెన్షన్. కావాల్సిన లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, దించి ప్రోగ్రామ్‌ను నడిచేలా తయారుచేసేవే (బిల్డ్) మావెన్, గ్రేడిల్.

మావెన్‌లో చిక్కు ఎక్కువగా డౌన్‌లోడ్ దగ్గరే వస్తుంది. మధ్యలో సిగ్నల్ పోతే లైబ్రరీ రాదు, మావెన్ లైబ్రరీలు దాచే 'ఎం2' ఫోల్డర్‌లో 'లాస్ట్ అప్‌డేటెడ్' అనే ఫైలు మిగిలిపోతుంది. దాంతో నెట్ బాగయ్యాక కూడా మావెన్ వెంటనే మళ్లీ ప్రయత్నించకపోవచ్చు. మావెన్ కమాండ్‌కు క్యాపిటల్ 'యు' ఆప్షన్ (-U) కలిపి నడిపి, ఐడీఈలో ప్రాజెక్ట్ రీలోడ్ చేస్తే తప్పు చూపించే ఎర్ర గీతలు చాలావరకు పోతాయి.

గ్రేడిల్‌తో వెతకాల్సిన చోట్లు ఎక్కువ. ముందు ర్యాపర్ (ప్రాజెక్ట్‌లోనే ఉండే చిన్న స్క్రిప్ట్) తనకు కావాల్సిన గ్రేడిల్‌నే దించుకుంటుంది, కొత్త వెర్షన్లయితే అదే 100 ఎంబీ దాటుతుంది. ఆ తర్వాత జావా గొడవ. ఏ జావా వాడాలో తెలుసుకోవడానికి టెర్మినల్‌లో గ్రేడిల్ కంప్యూటర్‌లో పెట్టిన 'జావా హోమ్' సెట్టింగ్ చూస్తుంది, ఇంటెల్లిజే అనే ఐడీఈ మాత్రం తన సెట్టింగ్స్‌లోని 'గ్రేడిల్ జేవీఎం' (గ్రేడిల్‌ను నడిపే జావా) చూస్తుంది. అందుకే ఒకచోట నడిచిన బిల్డ్ ఇంకోచోట ఆగుతుంది. 'మేజర్ వెర్షన్ 65' అని ఎర్రర్ వస్తే అది జావా 21 అని అర్థం. గ్రేడిల్ 8.5 కంటే పాతదైతే దాని మీద నడవదు. ర్యాపర్ వెర్షన్ పెంచండి, లేదా జేవీఎంను జావా 17కి మార్చండి (దానికి గ్రేడిల్ 7.3 అయినా ఉండాలి). పాత సెట్టింగ్ పట్టుకుని వేలాడుతుంటే గ్రేడిల్ కమాండ్‌కు 'స్టాప్' ఆప్షన్ ఇచ్చి డెమన్‌ను (వెనకాల నడుస్తూ ఉండే గ్రేడిల్ ప్రాసెస్‌ను) ఆపండి.

ఆండ్రాయిడ్ చేసేవాళ్లకు గ్రేడిల్ తప్పదు. మిగతావాళ్లకు, ముఖ్యంగా పక్కన అడగడానికి సీనియర్ లేని ఊళ్లో ఉన్నవాళ్లకు, నేను మావెనే చెబుతాను.