పొరుగు రాష్ట్రంలో ప్రొబేషన్: 1937 ఒప్పందమా, 2002 ఒప్పందమా, ఏది మేలు?

అమెరికాలో ఒక రాష్ట్రంలో శిక్ష పడి, మరో రాష్ట్రంలో ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి ప్రొబేషన్ కాలం ఎక్కడ గడపాలి? ప్రొబేషన్ అంటే దోషిని జైలుకు పంపకుండా, ఒక అధికారి పర్యవేక్షణలో షరతులకు లోబడి బయట ఉండనివ్వడం. పెరోల్ మీద విడుదలైనవారికీ ఇదే చిక్కు. అక్కడ పెరోల్ అంటే మన జైళ్లలో ఇచ్చే తాత్కాలిక సెలవు కాదు. శిక్షలో మిగిలిన కాలాన్ని షరతులకు లోబడి బయట గడపనివ్వడం. ఈ చిక్కు తీర్చడానికి ఆ దేశం ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఒప్పందాలు చేసుకుంది.

1934లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు ఇచ్చిన సమ్మతితో 1937లో 25 రాష్ట్రాలు మొదటి ఒప్పందం చేసుకున్నాయి. 1951 నాటికి అప్పటి 48 రాష్ట్రాలూ చేరాయి. దాని పాఠం చదివితే లోపం కనబడదు. స్థానికుడినైనా, కుటుంబం అక్కడే ఉండి పని దొరికే వీలున్నవాడినైనా స్వీకరించి, తన సొంత ప్రొబేషనర్లతో సమానంగా పర్యవేక్షించాలని అది రాష్ట్రాన్ని కట్టడి చేసింది. అయితే మాట తప్పిన రాష్ట్రాన్ని నిలదీసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు.

పెన్సిల్వేనియా 35వ రాష్ట్రంగా చేరడంతో 2002 జూన్ 19న అమలులోకి వచ్చిన రెండవ ఒప్పందం ఈ లోటునే పూడ్చింది. నియమాలు చేయడానికి ఒక అంతర్‌రాష్ట్ర కమిషన్ ఏర్పడింది. ఆ నియమాలకు చట్టబలం ఉంది, ఉల్లంఘించిన రాష్ట్రానికి జరిమానా వేయవచ్చు, ఫెడరల్ కోర్టుకు ఈడ్చవచ్చు.

ఒహాయోలో శిక్ష పడిన ఒక యువకుడి తల్లి పెన్సిల్వేనియాలో ఉందనుకుందాం. ఆమె అక్కడ కనీసం 180 రోజులుగా నివసిస్తూ, కొడుకును ఆదుకుంటానని ముందుకు రావాలి; అతనికి ఉద్యోగమో జీవనాధారమో ఉండాలి; పర్యవేక్షణ కాలం 90 రోజులకు మించి మిగిలి ఉండాలి; అప్పటిదాకా షరతులు పాటిస్తూ వచ్చి ఉండాలి. ఒప్పందం వర్తించే నేరమై, సరైన పర్యవేక్షణ ప్రణాళిక కూడా ఉంటే, పెన్సిల్వేనియా కాదనడానికి వీల్లేదు. విచారించి జవాబివ్వడానికి దానికి 45 రోజుల గడువు. తల్లి పంచన చేరడం అధికారి దయ మీద ఆధారపడకుండా, అర్హత మీద ఆధారపడుతుంది. నా మటుకు 2002 ఒప్పందమే మేలనడానికి ఈ ఒక్కటీ చాలు.

అలాగని ఇదీ నిర్దుష్టం కాదు. నిలువ నీడ కోసం చూసే మనిషికి 45 రోజులు తక్కువేమీ కాదు. శిక్ష పడేనాటికే స్వీకరించే రాష్ట్రంలో కాపురముంటున్నవారికి మాత్రం, ముందుగా అక్కడికి వెళ్లి హాజరయ్యే సూచనలు రెండు పనిదినాల్లో ఇవ్వాలనే నియమం ఉంది. ఈ వెసులుబాటును నిలువ నీడ లేని మిగతావారికీ విస్తరించడం న్యాయమని నా అభిప్రాయం.

మన 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 1937 ఒప్పందానికే దగ్గరగా ఉంది. 13వ సెక్షన్ ప్రకారం, నేరస్థుడు ప్రస్తుతం నివసిస్తున్న జిల్లా మేజిస్ట్రేటు ప్రత్యేక పరిస్థితులుంటే మరో ప్రొబేషన్ అధికారిని నియమించవచ్చు. కానీ ఆ పని ఎన్నాళ్లలో జరగాలో చట్టం చెప్పదు. 2014కు ముందు హైదరాబాదులో ఉత్తర్వు పొంది కర్నూలులో ఉండేవాడి వ్యవహారం ఒకే ప్రభుత్వం కింద నడిచేది. ఇప్పుడది రెండు రాష్ట్రాల మధ్య వ్యవహారం, గడువు మాత్రం నేటికీ లేదు.