తోడేలు బొమ్మ సంచిలో ఏముంది: ఒక ‘గ్రెయిన్ ఫ్రీ’ కుక్క ఆహారంపై సమీక్ష

పెంపుడు కుక్కల కోసం మన నగరాల దుకాణాలలో ఇప్పుడు విరివిగా దొరుకుతున్న ‘గ్రెయిన్ ఫ్రీ’, అంటే ధాన్యం కలపని, డ్రై ఫుడ్ రకాలలో ఒకదానిని మా ఇంట్లో పెరుగుతున్న నాటు కుక్కకు కొంతకాలం పెట్టి చూశాను. సంచి మీద తోడేలు బొమ్మ, దాని కింద ‘మీ కుక్క పూర్వీకుల ఆహారం’ అన్న ధోరణిలో నాలుగు వాక్యాలు ఉన్నాయి. అదే కంపెనీ బియ్యం కలిపి అమ్మే రకం కంటే దీని ధర చాలా ఎక్కువ. ఆ అదనపు సొమ్మును తోడేలు పేరు చెప్పి అడుగుతున్నారు గనుక, ఆ మాటలో పస ఎంతో చూడవలసిందే.

సరుకులో నాణ్యత ఉంది. సంచి విప్పినప్పుడు చెడిన నూనె వాసన రాలేదు, గుళికలు చిదిమితే పొడి కాలేదు, సంచి అడుగున మిగిలిన తవుడు లాంటి పొడి కూడా బహు తక్కువ. కుక్క ఇష్టంగా తిన్నది, అరుగుదలలోనూ ఇబ్బంది రాలేదు. అయితే పెరుగన్నం, కోడిగుడ్డు పెట్టిన రోజులలో కూడా దానికి ఏ ఇబ్బందీ లేదు.

ఇక తోడేలు సంగతి. జర్మనీలోని బాన్ దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో బయటపడిన సుమారు 14,000 ఏళ్ల నాటి సమాధిలో ఒక స్త్రీ, ఒక పురుషుడితో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు కూడా దొరికాయి. కుక్కలకు సోకే డిస్టెంపర్ వంటి జబ్బుతో బాధపడిన ఆ పిల్లను మనుషులు సాకి ఉండకపోతే అది అన్నాళ్లు బతికేది కాదని దాని పళ్లను పరీక్షించిన పరిశోధకులు భావించారు. అప్పటికి అక్కడ వ్యవసాయమే లేదు. వేటాడి తెచ్చుకున్నదే మనిషికీ కుక్కకీ తిండి. కంపెనీ కథ అక్కడే ఆగిపోతుంది, కుక్క కథ మాత్రం ఆగలేదు. మనిషి గింజలు పండించుకోవడం మొదలుపెట్టాక అతని ఇంటి ముందు తిరిగిన కుక్కలు ఆ గింజలనే తిని అరిగించుకోవడం నేర్చాయి. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేళ్లలో సాధారణంగా రెండు ప్రతులే ఉండగా కుక్కలలో 4 నుంచి 30 వరకు ఉన్నాయని స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం వారు 2013లో ప్రకటించారు. హస్కీల వంటి మంచు ప్రాంతపు జాతులలో ఆ ప్రతులు తక్కువేనన్న మాట నిజమే, కానీ మన వీధులలో తరతరాలుగా అన్నం మెతుకుల మీద బతికిన కుక్కను ఆ లెక్కలో చేర్చడం సబబు కాదు.

మనిషి దగ్గర మారింది కడుపు ఒక్కటే కాదు. చేతుల మీద పెరిగిన తోడేళ్లు కూడా, తమ వల్ల కాని పని ఎదురైనప్పుడు, కుక్కలంతగా మనిషి ముఖం వైపు చూడవని బుడాపెస్ట్ పరిశోధకులు 2003లో చూపించారు. మా కుక్క గిన్నె ముందు కూర్చొని, చెవులు వెనక్కి వాల్చి, నేను తలూపేదాకా నా కళ్లలోకే చూస్తుంది. అంతగా మనిషిని కనిపెట్టుకొని ఉండే జీవిని తోడేలుగా చూపి అమ్మడం నాకు కష్టంగా తోచింది.

పదార్థాల జాబితాలో కోడిమాంసం తరువాత వరుసగా బఠాణీలు, పప్పులు, బంగాళాదుంప ఉన్నాయి. ఇటువంటి గుళికలు విడిపోకుండా నిలవాలంటే పిండిపదార్థం కావాలి, అందువల్ల బియ్యం స్థానంలో పప్పు వచ్చింది. తోడేలు బఠాణీలు తిన్నదీ లేదు. పప్పుధాన్యాలు అధికంగా ఉన్న ఇటువంటి ఆహారానికీ, గుండె కండరం బలహీనపడి గుండె సాగే జబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో పరిశీలన ప్రారంభించింది. ఇదే కారణమని తేలలేదు, అయినా ఎక్కువ ధర పెట్టి ఆ సందేహాన్ని కొనుక్కోవలసిన అవసరం ఆరోగ్యంగా ఉన్న కుక్కకు లేదు.

ఏదైనా ధాన్యం పడదని పశువైద్యులు నిర్ధారించిన కుక్కకు ఈ సంచి పనికివస్తుంది. మిగిలినవారు అదే కంపెనీ బియ్యం రకాన్ని తీసుకోవచ్చు. ఇంటి వంటే పెట్టదలచినవారు ఉల్లి, వెల్లుల్లి వేయకుండా వండి, అన్నంలో మాంసమో గుడ్డో తగినంత కలిపి, మిగతా పోషకాల విషయం వైద్యులను అడిగి సరిచూసుకోవాలి. ఒట్టి పెరుగన్నం చాలదు. ఈసారి మా ఇంటికి బియ్యం రకమే తెప్పించాను.