ఉచిత ఆన్‌లైన్ చదువుల్లో ఏది మేలు? తప్పు చేసిన చోట చూడాలి

ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవడానికి ఎక్కడికి వెళ్లాలని అడిగితే సాధారణంగా ఒక జాబితా చేతికి వస్తుంది. ఖాన్ అకాడమీ, ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్, ఓపెన్‌స్టాక్స్ అన్న మూడు పేర్లు అందులో తప్పకుండా ఉంటాయి. మూడూ మంచివే, మూడూ నిజంగా ఉచితమే. కానీ గురువు లేకుండా ఒంటరిగా చదువుకునేవారికి జాబితాతో ఒరిగేది తక్కువ, ఎందుకంటే వారానికొకటి మార్చి చూస్తూ దేనిలోనూ సగం దూరం కూడా వెళ్లకుండా ఆగిపోయేవారే ఎక్కువ. ఈ మూడింటినీ పోల్చేటప్పుడు పాఠం ఎవరు ఎంత బాగా చెబుతారన్నది నేను రెండో ప్రశ్నగానే చూస్తాను. చదివేవారు తప్పు చేసినప్పుడు ఏం జరుగుతుందన్నది మొదటి ప్రశ్న. తరగతి గదిలో ఉపాధ్యాయుడు నోట్‌బుక్ మీదికి వంగి, ఇదిగో ఈ వరుసలో పొరపాటు చేశావని వేలు పెట్టి చూపించే క్షణం ఉంటుంది. ఉచిత పాఠాల్లో అన్నిటికంటే అరుదుగా దొరికేది అదే.

ఒక చిన్న లెక్కతో చూద్దాం. కాల్‌క్యులస్ మొదలుపెట్టిన ప్రతివారూ చైన్ రూల్ దగ్గర, అంటే ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నవాటి అవకలజం (డెరివేటివ్) కనుక్కునే సూత్రం దగ్గర, కొంతకాలం తడబడతారు. మూడు ఎక్స్‌కు ఒకటి కలిపి, ఆ మొత్తాన్ని ఐదో ఘాతానికి పెంచారనుకుందాం. దాని అవకలజం కనుక్కోమంటే విద్యార్థి ఐదును ముందుకు తెచ్చి, ఘాతాన్ని నాలుగుకు తగ్గించి, అక్కడితో ఆగిపోతాడు. బ్రాకెట్ లోపల ఉన్నదాని అవకలజమైన 3తో కూడా గుణించాలని, గుణకం 5 కాకుండా 15 కావాలని అతనికి తట్టదు. రాసింది చూడడానికి సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ చెప్పకపోతే ఈ తప్పు నెలల తరబడి అలాగే ఉండిపోగలదు.

ఖాన్ అకాడమీలో ఈ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. సమాధానం ఇవ్వగానే ఒప్పో తప్పో తెలుస్తుంది, సాయం కావాలంటే సూచనలు ఒక్కొక్క మెట్టుగా తెరుచుకుంటాయి, ఏ మెట్టు దగ్గర తన దారి వేరైందో విద్యార్థి స్వయంగా చూసుకోగలడు. 2004లో సాల్ ఖాన్ దూరాన ఉన్న తన కజిన్‌కు లెక్కలు చెప్పడంతో మొదలై, 2008లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడిన ఈ ప్రయత్నంలో పక్కన కూర్చుని చెప్పే ఆ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. బడి స్థాయి గణితానికి, ప్రాథమిక భౌతిక, రసాయన శాస్త్రాలకు దీనికి సాటి వచ్చే ఉచిత వనరు నాకు కనిపించలేదు. అయితే దీని లోపం కూడా ఆ సౌకర్యంలోనే ఉంది. అభ్యాసం పేరే చైన్ రూల్ అని రాసి ఉంటే, ఏ సూత్రం వాడాలో ఆలోచించే పని విద్యార్థికి మిగలదు. వరుసగా సరైన సమాధానాలు వస్తాయి, స్థాయి పెరిగినట్టు తెర మీద కనిపిస్తుంది, కానీ నాలుగు సూత్రాలు కలగలిసిన లెక్క ఎదురైతే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. యూనిట్ పరీక్షలూ కోర్స్ చాలెంజ్‌లూ అంశాలను కలిపి ఇస్తాయి కాబట్టి, విడి అభ్యాసాల కంటే వాటికి ఎక్కువ సమయం ఇవ్వడం మంచిది. డిగ్రీ స్థాయి దాటాక ఇక్కడ దొరికేది పలచబడిపోతుంది.

ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ తీరు వేరు. తమ కోర్సుల సామగ్రిని ప్రపంచం ముందు పెడతామని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 2001లో ప్రకటించింది. 2002లో 50 కోర్సులతో మొదలైన ఆ పనిలో ఇప్పుడు కోర్సుల సంఖ్య 2,500 దాటింది. ఖాతా తెరవనక్కర్లేదు, గడువు లేదు, చివర ధ్రువపత్రమూ లేదు. ఇక్కడ తప్పు పట్టుకునే యంత్రం ఏదీ ఉండదు. దాని బదులు మంచి కోర్సుల్లో వారం వారం ఇచ్చిన లెక్కలు, వాటి పూర్తి సాధనలు (సొల్యూషన్లు), పాత పరీక్ష పత్రాలు, వాటికీ సాధనలు ఉంటాయి. విద్యార్థి తన కాగితాన్ని ఆ సాధన పక్కన పెట్టుకుని వరుస వరుసగా సరిచూసుకోవాలి. మన ఉదాహరణలోని విద్యార్థి ఇక్కడ 5కూ 15కూ తేడా ఎందుకు వచ్చిందో తానే వెతుక్కుంటాడు. పావుగంట పట్టవచ్చు, కానీ అలా వెతికి పట్టుకున్న తప్పును మళ్లీ చేయడం అరుదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక విశ్వవిద్యాలయపు లీనియర్ ఆల్జీబ్రా ఉపన్యాసాలను ఒక వేసవి అంతా పెన్ను పట్టకుండా విన్నాను. ప్రతి వాక్యం అర్థమైంది, ప్రతి ఉపన్యాసం ఆనందాన్నిచ్చింది. చివర ఆ కోర్సు మొదటి పరీక్ష పత్రం తీసి కూర్చుంటే రెండో ప్రశ్న దగ్గరే చేయి ఆగిపోయింది. వినడం వల్ల వచ్చిన తెలివి, చేయడం వల్ల వచ్చే తెలివి ఒకటి కావని అప్పుడు నాకు గట్టిగా తెలిసింది. అప్పటి నుంచి ఏ కోర్సు తెరిచినా ముందు చూసేది వీడియోలు ఉన్నాయా అని కాదు, లెక్కలకు సాధనలు ఉన్నాయా అని. ఈ జాగ్రత్త తప్పనిసరి, ఎందుకంటే ఓపెన్‌కోర్స్‌వేర్‌లో అన్ని కోర్సులూ ఒకే తీరుగా ఉండవు. కొన్నింటిలో పాఠ్యప్రణాళిక, చదవవలసిన పుస్తకాల జాబితా తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఆ పుస్తకాలు కూడా చాలాసార్లు కొనుక్కోవలసినవే. పూర్తి సామగ్రి ఉన్న కోర్సులు మాత్రం అపురూపం. ఒకే చరరాశి ఉన్న కాల్‌క్యులస్‌ను స్వయంగా చదువుకునేవారి కోసమే ప్రత్యేకంగా అమర్చిన రూపం అక్కడ ఉంది, దానితో మొదలుపెట్టినవారికి ఏ దారిలో వెళ్లాలన్న సందేహం రాదు.

మూడోది ఓపెన్‌స్టాక్స్. ఇది రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉచిత పాఠ్యపుస్తకాల భాండారం. తొలి పుస్తకాలు 2012లో వెలువడ్డాయి. భౌతిక, జీవశాస్త్రాల నుంచి ఆర్థిక, మనస్తత్వ, సామాజిక శాస్త్రాల దాకా పుస్తకాలున్నాయి, పీడీఎఫ్‌గా దించుకుని నెట్ లేనప్పుడు కూడా చదువుకోవచ్చు. కాల్‌క్యులస్ మొదటి సంపుటిలో చైన్ రూల్ 3.6 విభాగంలో వస్తుంది. వివరణ నెమ్మదిగా, శుభ్రంగా సాగుతుంది, ఉదాహరణలను అంచెలంచెలుగా సాధించి చూపిస్తారు. ఈ పుస్తకానికి ప్రధాన రచయితల్లో ఒకరైన గిల్బర్ట్ స్ట్రాంగ్, ఓపెన్‌కోర్స్‌వేర్‌లో లక్షలమంది విన్న లీనియర్ ఆల్జీబ్రా ఉపన్యాసాలు ఇచ్చిన ఆచార్యుడే కావడం ఈ రెండు వనరులనూ కలిపే విశేషం. అయితే విభాగం చివర ఉన్న అభ్యాసాల దగ్గరికి వచ్చేసరికి ఒంటరి విద్యార్థికి ఇబ్బంది మొదలవుతుంది. పుస్తకం వెనక బేసి సంఖ్య లెక్కలకు మాత్రమే జవాబులుంటాయి, అవి కూడా ఎక్కువగా చివరి జవాబులే. గుణకం 15 అని ఉంటుంది, ఎలా వచ్చిందో ఉండదు. అన్ని లెక్కల సాధనలు ఉపాధ్యాయులని నిర్ధారించుకున్నవారికే ఇస్తారు. తరగతి కోసం రాసిన పుస్తకం కాబట్టి అది సబబే, కానీ తరగతి లేనివారికి అదే లోటు.

కాబట్టి గణితం, శాస్త్రాల విషయంలో నా తీర్పు ఇది: పునాది గట్టిగా లేనివారు ఖాన్ అకాడమీతో మొదలుపెట్టాలి, తన కాగితాన్ని తానే దిద్దుకోగల ఓపిక వచ్చాక సాధనలున్న ఓపెన్‌కోర్స్‌వేర్ కోర్సుకు మారాలి, దిద్దిపెట్టే గురువు ఎక్కడో ఒకచోట ఉన్నవారికి ఓపెన్‌స్టాక్స్ అన్నిటికంటే మేలు. భౌతిక శాస్త్రం చదివేవారు కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లను, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలను, కూడా పక్కన ఉంచుకోవాలి. అందులో విద్యుత్ వలయాన్ని తప్పుగా కలిపి షార్ట్ సర్క్యూట్ చేస్తే, తెర మీద బ్యాటరీకి మంట అంటుకుంటుంది. తప్పును ఇంత సూటిగా చూపించే పాఠం మరొకటి నేను చూడలేదు.

తత్త్వశాస్త్రం, చరిత్ర, సాహిత్యం దగ్గరికి వస్తే ఈ కొలమానమే మరో రకమైన ఫలితాన్నిస్తుంది. అక్కడ తప్పంటే ఒక వాదాన్ని సగమే అర్థం చేసుకోవడం, ఒక ఆధారానికి మోయలేనంత బరువు ఎత్తడం. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే ప్రశ్న దీన్ని పట్టుకోలేదు. అందువల్ల ఖాన్ అకాడమీకి గణితంలో ఉన్న ఆధిక్యం ఇక్కడ చాలావరకు కరిగిపోతుంది, నమ్మదగిన పాఠం ఎక్కడ దొరుకుతుందన్నది ముందుకు వస్తుంది. తత్త్వశాస్త్రానికి 1995 నుంచి నడుస్తున్న స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీని మించినది నాకు తెలియదు. ప్రతి వ్యాసాన్నీ ఆ రంగంలో పనిచేసేవారే రాస్తారు, ప్రచురణకు ముందు ఇతర నిపుణులు పరిశీలిస్తారు, కాలక్రమంలో సవరిస్తూ పాత రూపాలను కూడా భద్రపరుస్తారు. పాత గ్రంథాల మూలపాఠాల కోసం 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, 1996లో ఏర్పడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నాయి.

2012లో వచ్చిన కోర్సెరా, ఎడెక్స్ వంటి వేదికల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాటిలో కొన్ని పాఠాలు ఉచితంగా వినవచ్చు, కానీ మార్కులు వేసే పనులు చాలావరకు డబ్బు కట్టినవారికే తెరుచుకుంటాయి. అంటే తప్పు పట్టుకునే భాగానికే ధర పెట్టారు.

వ్యాసం దిద్దే మనిషి మాత్రం ఈ ఉచిత వనరుల్లో ఎక్కడా దొరకడు. ఓపెన్‌కోర్స్‌వేర్‌లోని చరిత్ర, సాహిత్య కోర్సుల్లో వ్యాసాలకు అంశాలుంటాయి, రాసినదాన్ని చదివేవారు ఉండరు. దీనికి నాకు పనిచేసిన పద్ధతి ఒక్కటే. అదే కోర్సును ఒక స్నేహితుడితో కలిసి మొదలుపెట్టి, ఒకే అంశం మీద ఇద్దరం విడివిడిగా రెండు పేజీలు రాసి, కాగితాలు మార్చుకుని, అవతలివారు ఒప్పుకోని ప్రతి వాక్యం కింద గీత గీసి తిరిగి ఇచ్చుకునేవాళ్లం. ఇద్దరం నిపుణులం కాకపోయినా, గీత పడిన వాక్యాల్లో చాలావాటికి నేను ఆధారం చూపలేకపోయాను.