కొరాపుట్ కొండల్లో నాలుగు రోజులు: ఒకే వాన, మూడు రకాల రాయి

దసరా సెలవులకి మా బావ కుటుంబం విజయనగరం నుంచి రాయగడ వచ్చింది. అరకు, బొర్రా వాళ్లు ఎప్పుడో చూసేశారు. "మీ వైపు ఇంకేటుందిరా చూడ్డానికి?" అన్నాడు బావ. జీపు మాట్లాడి నాలుగు రోజులు కొరాపుట్ జిల్లా తిప్పాను.

మొదటి రాత్రి కొరాపుట్‌లో దిగాం. అక్కడి లాడ్జి మాత్రం బాగా నిరాశ పరిచింది. వేడినీళ్లు ఉంటాయని చెప్పి డబ్బు తీసుకున్నారు, తెల్లవారుజామున చలిలో చూస్తే చన్నీళ్లే. పిల్లలతో వెళ్లేవాళ్లు గీజర్ పనిచేస్తోందో లేదో ముందు తిప్పి చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.

చీకటితోనే దేవమాలి ఎక్కాం. 1672 మీటర్లు, ఒడిశాలో ఇంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. జీపు దాదాపు పైదాకా వెళ్తుంది. చెట్లు తక్కువ, అంతా గడ్డి, కింద మబ్బు. ఈ కొండల రాయిని ఖోండలైట్ అంటారు, ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే 1902లో పెట్టిన పేరు. కోణార్క్ గుడి కట్టింది కూడా ఎక్కువగా ఈ జాతి రాయితోనే. వానకి ఇది లక్షల ఏళ్లపాటు నానుతూ నానుతూ మెత్తబడుతుంది. అందులోని సిలికా నీటితో కొట్టుకుపోయి అల్యూమినియం, ఇనుము పైన మిగిలిపోతాయి. దామన్‌జోడి దగ్గర పంచపట్‌మాలి కొండ మీద ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో తవ్వుతున్న బాక్సైట్, అంటే అల్యూమినియం ముడిఖనిజం, అలా మిగిలిందే. ఆ కొండల నెత్తి బల్లపరుపుగా, మట్టి ఎర్రగా ఉండటం వెనక ఉన్నది వాన పనే.

కొరాపుట్ నుంచి జయపురం ఘాట్ దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి. పైన ఉన్న మెట్ట దాదాపు 900 మీటర్లు, కిందది 600. నేల మెట్లు మెట్లుగా దిగుతుంది. జయపురంలో మిగతా రెండు రాత్రులూ హాయిగా గడిచాయి. శుభ్రమైన గదులు, తెలుగు తెలిసిన వంటవాడు, అడిగితే చోడి (రాగి) అంబలి కూడా పెట్టారు.

గుప్తేశ్వరం జయపురం నుంచి రామగిరి అడవి మీదుగా 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నా లెక్కలో యాత్ర మొత్తానికి ఇదే గొప్ప చోటు. సంపెంగ చెట్ల మధ్య మెట్లెక్కితే గుహలో శివలింగం. ఇక్కడిది సున్నపురాయి. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువు పట్టుకుని కొంచెం పుల్లబడుతుంది, ఆ నీరే రాయిని కరిగించి గుహ చేసింది. కరిగిన సున్నం చుక్క చుక్కగా దిగి మళ్లీ గట్టిపడితే పైనుంచి రాతి ఊడలు వేలాడతాయి. అలాంటి ఒక ఊడని కామధేనువు పొదుగు అని కొలుస్తారు. దాని కింద దోసిలి పట్టి ఎదురుచూస్తే ఎప్పటికో ఒక చుక్క పడుతుంది. మా మేనకోడలు కదలకుండా నిలబడి ఆ చుక్క అందుకుంది. బొర్రాలో రంగు దీపాలుంటాయి, అది చాలా పెద్దది కూడా. ఇక్కడి నిశ్శబ్దం నాకు ఎక్కువ నచ్చింది. గుహలో తల వంచుకుని నడవాలి, టార్చి తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మెట్లు కష్టం. పక్కనే కొలాబ్ నది, అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. ఈ నదే కిందకి వెళ్లాక మన శబరి.

చివరి రోజు డుడుమ జలపాతం. మాచ్‌ఖండ్ నది పై మెట్టు మీంచి 150 మీటర్లకు పైగా ఒక్కసారిగా దూకుతుంది. ఈ రాయి గట్టిది, సున్నంలా కరగదు. నీటి వేగం, దాంతో దొర్లే ఇసుక, గులకరాళ్లు కలిసి ఒరుసుకుంటూ లోయను కోశాయి. ఈ నది మీదే 1955 నుంచి ఆంధ్ర, ఒడిశా కలిసి కరెంటు తీస్తున్నాయి. నీరు చాలావరకు అటే మళ్లుతుంది కాబట్టి ఎండాకాలం వెళ్తే జలపాతం సన్నగా కనబడుతుంది, వానల తర్వాతే వెళ్లండి. అంచున కంచె లేని చోట్లున్నాయి, పిల్లల చెయ్యి వదలకండి. నాకైతే అక్కడున్నంతసేపూ టెన్షనే. ఫోన్ సిగ్నల్ సరిగా అందలేదు, నోట్లు దగ్గర పెట్టుకోండి.

జీపు తోలిన అన్న జయపురం తెలుగువాడే. దారిలో ప్రతి వాగు పేరూ చెప్పాడు, మాట్లాడుకున్న డబ్బు కన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. డుడుమ దగ్గరి ఒనుకుడెల్లిలో గురువారం సంత, బోండా గిరిజనులు కొండ దిగి వస్తారు. మేం వెళ్లింది శుక్రవారం. మళ్లీ వెళ్లేటప్పుడు బుధవారం రాత్రికే జయపురం చేరుకోవాలని బావ ఇప్పటినుంచే సెలవు లెక్క వేస్తున్నాడు.