కిటికీ లేని బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్: మూడు వానాకాలాల తర్వాత

మియాపూర్‌లోని మా ఫ్లాట్‌లో కామన్ బాత్రూమ్‌కి కిటికీ లేదు. పొద్దున్నే నలుగురం వరసగా గీజర్ నీళ్లతో స్నానాలు ముగించేసరికి పైకప్పు నుంచి బొట్లు రాలేవి. వానాకాలంలో టైల్స్ సందుల్లో నల్ల బూజు, తువ్వాళ్లకు ముక్క వాసన. పాపకు తుమ్ములు మొదలయ్యాక ఇక ఊరుకోలేక ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను.

మొదటి ఏడాది దాదాపు వృథా అయింది. బిగించినతను గాలిని ఫాల్స్ సీలింగ్‌లోకే వదిలేశాడు, డక్ట్ (గాలి, పైపుల కోసం భవనంలో వదిలే నిలువు ఖాళీ) దాకా పైపు వేయలేదు. రెండు నెలల్లో సీలింగ్ మీద టీ మరకలాంటి మచ్చ తేలింది. వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి ఒకే వంపుతో అల్యూమినియం పైపు వేసి డక్ట్‌లోకి కలిపాడు. నాలుగంగుళాల పైపు చవకగా వస్తుందన్నాడు, నేను ఒప్పుకోలేదు. పైపు సన్నబడినా, వంపులు పెరిగినా ఫ్యాన్ లాగే గాలి తగ్గిపోతుంది.

అయినా అద్దం మీద ఆవిరి పోవడానికి ముప్పావు గంట పట్టేది. ఒకరోజు ఫ్యాన్ వేసి, తలుపు మూసి, బయట గడప దగ్గర అగరబత్తి పట్టుకున్నాను. పొగ నిటారుగా పైకి పోతోంది తప్ప తలుపు వైపు కదలడం లేదు. లోపలికి గాలి వచ్చే సందే లేకపోతే ఫ్యాన్ దేన్ని బయటికి తోస్తుంది? తలుపు కింద అరంగుళం కోయమంటే, "నీళ్లు హాల్లోకి వస్తాయేమో మేడమ్" అని వడ్రంగి వెనకాడాడు. గడప రాయి ఎత్తుగా ఉంది కాబట్టి ఇప్పటిదాకా చుక్క రాలేదు. ఆ సాయంత్రం మళ్లీ అగరబత్తి పెడితే పొగ వంగి తలుపు కిందికి దూరిపోయింది. అద్దం పదిహేను నిమిషాల్లో తేటపడింది. నా మాట వింటే, ఖరీదైన ఫ్యాన్ కొనే ముందు తలుపు కింద చూడండి.

ఫ్యాన్‌కి, లైటుకి ఒకే స్విచ్ ఉండేది. లైటు ఆర్పగానే ఫ్యాన్ కూడా ఆగిపోయేది. విడదీసి టైమర్ పెట్టించాం, స్నానం తర్వాత ఇరవై నిమిషాలు తిరుగుతుంది. 40 వాట్ల ఫ్యాన్ రోజుకు రెండు గంటలు తిరిగినా నెలకు రెండున్నర యూనిట్లు దాటదు. స్నానం చేసినవాళ్లే గోడలు, నేల వైపర్‌తో లాగేయాలన్నది మా ఇంటి నియమం. ఆ నీళ్లు అక్కడే ఉంటే తర్వాత ఆవిరయ్యేవి అవే. చెమ్మ పీల్చే డబ్బాలు కూడా వాడి చూశాను. వారానికే నిండిపోయాయి, డబ్బు దండగ.

పాత బూజుకి బ్లీచ్ వాడాను. దయచేసి ఒక్కటి గుర్తుంచుకోండి: బ్లీచ్‌ని యాసిడ్‌తో గానీ టాయిలెట్ క్లీనర్‌తో గానీ కలపకండి, విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది.

లోపాలూ ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిన రోజుల్లో బయటి గాలే తడిగా ఉంటుంది కాబట్టి గంటసేపు తిప్పాల్సి వస్తుంది. ఏప్రిల్‌లో ఐదు నిమిషాలు చాలు. మూడు నెలలకోసారి రెక్కల మీద దుమ్ము తుడవకపోతే లాగుడు తగ్గుతుంది. ఈ ఏడాది బేరింగ్ అరిగి గరగర మొదలైంది. మార్చాల్సి వస్తే ఇదే సైజు, చప్పుడు తక్కువ ఉన్నది చూసి తీసుకుంటాను.