స్కాట్లండ్ దీవుల విమాన రాయితీ: సగం ఛార్జీ అంటే సగం బిల్లు కాదు

స్కాట్లండ్ దీవుల్లో ఉండేవాళ్ల విమాన ప్రయాణానికి ప్రభుత్వ సొమ్ము రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ఎయిర్ డిస్కౌంట్ స్కీమ్ పేరుతో టికెట్ మీద ఇచ్చే రాయితీ. రెండోది, లాభం రాదని ఎవరూ నడపని రూట్లలో టెండరు పిలిచి విమాన కంపెనీకి నేరుగా డబ్బు కట్టడం. మొదటిదానికి అయిదుకి మూడు మార్కులు, రెండోదానికి నాలుగున్నర.

రాయితీ 2006లో 40 శాతంతో మొదలైంది, 2016 జనవరి నుంచి 50 శాతం. ఆర్క్నీ, షెట్లండ్, వెస్టర్న్ ఐల్స్, ఐలా, జూరా, కొలన్సే వాసులకు వర్తిస్తుంది. దీవులు కాకపోయినా కెయిత్‌నెస్, వాయవ్య సదర్లండ్‌లను కూడా చేర్చారు, అంత మారుమూల కాబట్టి. అసలు నివాసం అక్కడే ఉండాలి. సెలవులకు వాడుకునే ఇల్లు ఉంటే చాలదు. చదువు కోసం బయటికెళ్లిన అక్కడి పిల్లలకు మాత్రం రాయితీ పోదు. నివాసం రుజువు చేసే కాగితాలతో ఆన్‌లైన్‌లో నమోదైతే సభ్యత్వ నంబరు వస్తుంది. ఎవరి నంబరు వాళ్లదే. బుకింగ్‌లో రాయితీ ఛార్జీ ఎంచుకుని ఆ నంబరు ఇస్తే అక్కడికక్కడే తగ్గుతుంది, మిగతా సగం కంపెనీ ప్రభుత్వం దగ్గర రాబట్టుకుంటుంది. మనం బిల్లులు పెట్టుకుని తిరిగే పని లేదు. ఈ భాగం బాగా కుదిరింది.

మెలిక లెక్కలో ఉంది. 50 శాతం తగ్గేది మూల ఛార్జీ మీదే, పన్నులూ ఎయిర్‌పోర్టు రుసుములూ అలాగే ఉంటాయి. మూల ఛార్జీ 100 పౌండ్లు, మిగతావి 40 అనుకోండి. 140కి బదులు 90 కడతారు, అంటే నిజంగా మిగిలింది 36 శాతం లోపే. ఇంకో సంగతి: హైలాండ్స్ అండ్ ఐలండ్స్ ప్రాంతంలోని ఎయిర్‌పోర్టుల నుంచి బయల్దేరేవాళ్లకు ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అనే విమాన ప్రయాణ పన్ను లేదు. ఆర్క్నీలోని కర్క్‌వాల్ నుంచి ఎడిన్‌బరా వెళ్లేటప్పుడు పడని ఈ పన్ను తిరిగొచ్చేటప్పుడు పడుతుంది. రానూపోనూ ఛార్జీలు ఒకేలా లేవని కంగారు పడక్కర్లేదు.

అసలు లోపం వేరే. రాయితీ ఇచ్చే రూట్లలో ఛార్జీ నిర్ణయించేది కంపెనీ. రేటు పెరిగితే ప్రభుత్వం కట్టే సగమూ పెరుగుతుంది, మన సగమూ పెరుగుతుంది. చావుకో పెళ్లికో ఆఖరి నిమిషంలో టికెట్ కొనేవాడికి సగం కూడా బరువే. పైగా 2011 నుంచి వ్యాపార ప్రయాణాలను తీసేశారు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్‌కు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఖర్చుతో వెళ్లేది వేరే ఖాతా. దీవుల్లో ఉద్యోగం చేసే కొడుకునో కూతురినో చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలకు పూర్తి ఛార్జీయే.

రెండో దారికి మార్కులు ఎక్కువ ఇవ్వడానికి కారణం, అది లేకపోతే విమానమే ఉండదు. ముందు సబ్సిడీ లేకుండా నడిపేవాళ్లున్నారా అని చూస్తారు, లేకపోతే టెండరు. గెలిచిన ఒక్క కంపెనీకే ఆ రూటు, సాధారణంగా గరిష్ఠంగా నాలుగేళ్లు. ఎన్ని సర్వీసులు, ఏ రోజుల్లో, ఎన్ని సీట్లు, ఎంత ఛార్జీ అన్నవి ఒప్పందంలోనే ఉంటాయి. గ్లాస్గో నుంచి బారా, టైరీ దీవులకు స్కాట్లండ్ ప్రభుత్వం, ఆర్క్నీ చిన్న దీవులకు అక్కడి కౌన్సిల్ డబ్బు పెడతాయి. వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య 2.7 కిలోమీటర్ల విమానం ఈ ఏర్పాటులోదే. రెండు నిమిషాల లోపు ప్రయాణం, గాలి కలిసొచ్చి 53 సెకన్లలో చేరిన రికార్డూ ఉంది. పర్యాటకులకు అది వింత, అక్కడివాళ్లకు మాత్రం టీచరూ డాక్టరూ వచ్చే బండి. ఎనిమిది సీట్ల ఐలాండర్ అనే చిన్న విమానం కాబట్టి ప్రతి కిలో లెక్కే, సామాను తగ్గించుకోండి.

బారాలో రన్‌వే సముద్రపు ఒడ్డున ఇసుకే. మూడు రన్‌వేల చివర్లు కర్రస్తంభాలతో గుర్తు పెట్టి ఉంటాయి, పోటు వస్తే మూడూ మునుగుతాయి. అందుకే టైంటేబుల్ ఆటుపోట్లను బట్టి మారుతుంది, నిన్నటి వేళకు ఇవాళ విమానం ఉండదు. ఇక్కడ దిగే 19 సీట్ల ట్విన్ ఆటర్ విమానానికి గట్టి తడి ఇసుక చాలు.

రెండింటికీ ఉమ్మడి శత్రువు పొగమంచు, గాలి. షెట్లండ్‌లోని సంబరా ఎయిర్‌పోర్టులో వేసవిలో కూడా పొగమంచు దిగితే విమానాలు నిలిచిపోతాయి. రోజుకు కొద్ది సర్వీసులే ఉన్నచోట ఒకటి రద్దయితే తర్వాతిది నిండిపోయి ఉంటుంది. వాతావరణం వల్ల రద్దయితే నగదు పరిహారం రాదు గానీ, ఎదురుచూసినంతసేపూ భోజనం, రాత్రయితే బస కంపెనీయే చూడాలి. కౌంటర్‌లో గట్టిగా అడగండి. గ్లాస్గో నుంచి ముందుకు వెళ్లాల్సి ఉంటే మొత్తం ఒకే టికెట్‌గా బుక్ చేయండి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా ఆ కంపెనీకి పూచీ ఉండదు. అలా కొనక తప్పకపోతే మధ్యలో ఒక రాత్రి ఖాళీ ఉంచుకోండి, ముఖ్యంగా చలికాలంలో.